తీర్పు చెప్పే వంతు నాది

సినిమా చూసి బయటికొచ్చి, బాగుందనో బాగాలేదనో ఒక మాట అనేసి ఇంటికి పోయే రకం కాదు మేము. మాకొక పద్ధతి ఉండేది. సినిమా విడుదలైన తర్వాతి శుక్రవారం సాయంత్రం, టీ వేళకి, మా ఆఫీసు క్యాంటీన్‌లో కిటికీ పక్కన ఒక కుర్చీ వేసేవాళ్ళం. వంతు ఎవరిదైతే వాళ్ళు చెప్పులు విడిచి ఆ కుర్చీ ఎక్కాలి. వాళ్ళు తీర్పు చెప్పి దిగేదాకా కింద ఉన్నవాళ్ళు సమోసా తినొచ్చు, టీ తాగొచ్చు, పళ్ళు నూరుకోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. దిగాక ఇంక ఎవరి ఓపిక వాళ్ళది. తిట్టినా, మొట్టినా, కాళ్ళు పట్టుకుని లాగినా అడిగేవాళ్ళు లేరు.

హైటెక్ సిటీలో అన్ని గాజు మేడల్లాగే మాదీ ఒక గాజు మేడ. ఎక్కడో సముద్రాల అవతల జబ్బుపడినవాళ్ళ ఇన్సూరెన్స్ కాగితాలు ఇక్కడ కూర్చుని సరిచూడటం మా పని. ఆ పని గురించి ఇంతకు మించి చెప్పడానికి అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు. మమ్మల్ని బతికించినవి పిట్టల పుస్తకాలు. వాటి అసలు పేరు వేరే, మేమందరం అలాగే అనేవాళ్ళం. ఒక్కోటి దిండంత లావుండే ఐదు సంపుటాల కథ. ఒకవైపు గుట్టలవాళ్ళు, ఒకవైపు కడలివాళ్ళు. గుట్టల మీద మాత్రమే గుడ్లు పెట్టే నిప్పుపిట్టలు. తాతల నాటి ఒప్పందం ఒకటి ఉంది, దాని ప్రకారం గుడ్డు పగిలి రెక్కలొచ్చిన ప్రతి పిట్టా కడలి కోటకే పోవాలి. ఐదు పుస్తకాల పొడుగునా గుట్టల రాణి ఆ ఒప్పందంతో కుస్తీ పడుతుంది. ఆఖరి పుస్తకం ఆఖర్న కోట తలుపులు తీయించి, పిట్టల్ని వెంటబెట్టుకుని, తన వాళ్ళతో గుట్టలకి నడిచి వెళ్ళిపోతుంది. కడలి రాజుని చంపదు, తిట్టదు. దారిలో ఒక రాయి పాతించి, ఇటు మాది, అటు మీది, పండక్కి రండి అని చెప్పి పోతుంది.

ఒక్కో పుస్తకం ఒక్కో సినిమాగా వస్తూ ఉంది. నాలుగో సినిమాకి తీర్పు అయిపోయిన రోజే ఐదోదానికి చీటీలు వేశాం. నా చీటీ వచ్చింది. మిగతావాళ్ళు మూతులు ముడుచుకున్నారు. ఆఖరి సినిమాకి తీర్పు చెప్పడమంటే మాలో పట్టాభిషేకం కిందే లెక్క. నా వంతు కొనుక్కుంటామని, బదులుగా నెలరోజులు టిఫిన్ పెడతామని బేరానికొచ్చినవాళ్ళున్నారు. నేను ఇవ్వలేదు. చిన్నప్పటి నుంచీ నా దగ్గర లాక్కోవడం కష్టమని మా అమ్మ అంటూ ఉంటుంది.

ఆ పుస్తకాల మీద నాకున్న హక్కు సంగతి కూడా చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా నాయిన జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మేము ఆ దగ్గర్లోనే కిరాయికి ఉండేవాళ్ళం. గాలి ఎటు తిరిగితే అటు కిటికీ మూసుకునే ఇల్లు అది. ఇంటర్ చదివేటప్పుడు ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన మొదటి పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ముళ్ళ కంపలో నడిచినట్టు చదివాను. నాయిన డ్యూటీ దిగి వచ్చి అన్నానికి కూర్చుంటే, ఆ రోజు చదివింది చెప్పేదాన్ని. ఇంగ్లీషులో చదివింది మా ఇంటి మాటల్లోకి దిగేసరికి రాణి మా మేనత్తలాగా మాట్లాడేది, రాజు మా ఊరి పటేల్‌లాగా గొంతు సవరించుకునేవాడు. నాయిన ముద్ద కలుపుతూ, "గుట్టోళ్ళు ఏమైన్రు బిడ్డా?" అని అడిగేవాడు. కడలివాళ్ళ అధ్యాయాలు వస్తే ఆయనకి పట్టేది కాదు, తొందరగా కానియ్యమనేవాడు.

ఐదో పుస్తకం ఆఖరి పేజీ చెప్పిన రోజు ఆయన కంచంలో అన్నం చల్లారిపోయింది. పోయిన్రా అని అడిగాడు. పోయిన్రు నాయినా, పిట్టలను తోలుకొని పోయిన్రు అన్నాను. మంచిగ చేసిన్రు అని, చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి పోయి కాసేపు నిలబడ్డాడు. మా నాయిన అంత సంతోషంగా ఉండటం నేను చాలా తక్కువసార్లు చూశాను.

నాకు ఇంగ్లీషు అలా వచ్చింది, ఇంగ్లీషుతో ఉద్యోగం వచ్చింది. చిత్రం ఏమిటంటే, ఆఫీసులో చేరాక నా తెలుగు పోయింది. నేను నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు సినిమాల్లో రౌడీని అనుకరించేవారు. మీరు భలే మాట్లాడతారండీ, ఇంకోసారి అనరా అని బతిమాలేవారు. వాళ్ళ మనసులో చెడు లేదని అందరూ అంటారు. మనసులో ఏముంటే నాకేం, నవ్వింది నోటితోనే కదా. నేను ఇంగ్లీషు వెనక దాక్కున్నాను, తెలుగు తప్పనిసరైతే పేపర్లో రాసే తెలుగు మాట్లాడేదాన్ని.

నన్ను చూసి నవ్వని మనిషి ఒక్కతే. నా పక్క సీటు, కాకినాడ అమ్మాయి. చందానగర్‌లో అన్నావదినలతో ఉండేది. అన్నయ్య అప్పోసప్పో చేసి అక్కడ ఫ్లాటు కొన్నాడు. పిట్టల పుస్తకాలు నాకు వచ్చు, ఆమెకి కంఠతా వచ్చు. రాణి గుర్రం పేరు నేను మరిచిపోతే ఆమె అందించేది. మధ్యాహ్నం నా సర్వపిండి ఆమె తినేది, ఆమె పనసపొట్టు కూర నేను తినేదాన్ని. స్నేహం అంటే ఏమిటని ఎవరైనా అప్పుడు అడిగితే ఆ రెండు డబ్బాలు చూపించేదాన్ని.

నాలుగో సినిమాకీ ఐదోదానికీ మధ్యలో తెలంగాణ ఉద్యమం రోడ్లన్నీ నింపేసింది. బంద్‌లు, రాస్తారోకోలు, రోడ్డు మీదే వంటలు. నేను కొత్తగూడలో లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. పొద్దున్న లేస్తే ముందు టీవీలో ఏ రోడ్డు మూశారో చూసి తర్వాత పళ్ళు తోముకునేవాళ్ళం. మా నాయిన సాయంత్రాలు దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవాడు. ఆఫీసులో మాత్రం ఏమీ జరగనట్టే ఉండేది. ఇటు గానీ అటు గానీ ఎవరూ ఆఫీసులో మాట్లాడకూడదని పైనుంచి మెయిల్ వచ్చింది. బ్యాడ్జీలు పెట్టుకోకూడదు, రిబ్బన్లు కట్టుకోకూడదు. అందరం సరే అన్నాం. అన్నం ఉడుకుతుంటే మూత మీద చెయ్యి పెట్టి ఎంతసేపు అదుముతాం?

మూత పిట్టల వైపు తెరుచుకుంది. కాకినాడ అమ్మాయీ నేనూ అసలు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. పిట్టలు ఎవరివి అని మాత్రం రోజూ కొట్లాడుకునేవాళ్ళం. గుట్టల మీద గుడ్డు పెడితే అయిపోయిందా, మేపిందెవరు, ఆ కోట అంత గొప్పగా కట్టిందెవరు అని ఆమె. కోట ఎవరైనా కడతారు, గుడ్డు పెట్టమను చూద్దాం అని నేను. చుట్టూ కూర్చున్నవాళ్ళు కంప్యూటర్లలో తలలు దూర్చి చెవులు మా మీదే ఉంచేవారు. మేం మాట్లాడుతున్నది హైదరాబాద్ గురించని గోడలకి కూడా తెలుసు. ఆ పుస్తకాలు రాసినావిడకి హైదరాబాద్ అనే ఊరుందో లేదో కూడా తెలిసి ఉండదు.

సినిమా వానాకాలం మొదట్లో వచ్చింది. మా తీర్పుల క్లబ్బు పెట్టింది మా టీమ్ లీడ్. గుంటూరు ఆయన, మంచివాడు, పుస్తకం తప్ప లోకం పట్టదు. ఆఖరి సినిమా కదా అని అందరికీ టీషర్టులు కుట్టించాడు. ఐదో పుస్తకం అట్ట ఏ రంగో సరిగ్గా అదే రంగు, గుండె మీద రెక్కలు చాచిన పిట్ట. నిప్పుపిట్ట రొమ్ము రంగు అది, గుట్టలవాళ్ళ జెండా రంగు. గులాబీ. ఆ రోజుల్లో గులాబీ రంగు జెండా ఎవరిదో హైదరాబాద్‌లో చంటిపిల్లని అడిగినా చెప్పేది. మా టీమ్ లీడ్ ఒక్కడికే తట్టలేదు. మాకు తట్టింది కానీ, గుంటూరు ఆయన చేత్తో గులాబీ చొక్కాలు పంచుతుంటే ఆ ముచ్చట చెడగొట్టబుద్ధి కాలేదు నాకు.

విడుదల రోజు పొద్దున్న గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మమ్మల్ని ఆపేశారు. ఫోన్లు నడిచాయి. అడ్మిన్ ఆఫీసర్ లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చాడు. ఎవరు ఆర్గనైజ్ చేశారని అడిగాడు. మా టీమ్ లీడ్ గర్వంగా నేనే అన్నాడు. మీరు గుంటూరు కదండీ అని ఆఫీసర్ నోరు తెరిచాడు. మా టీమ్ లీడ్ బ్యాగులోంచి పుస్తకం తీసి, అట్ట చూపించి, కథ మొదటి సంపుటం నుంచీ చెప్పబోతే ఆ అధికారి చేతులు జోడించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మెయిల్ పంపిన వాళ్ళకి ప్రతి రంగులోనూ ఉద్యమమే కనిపించేది. చివరికి పైన ఏదో ఒకటి కప్పుకుని లోపలికి రమ్మన్నాడు. స్వెట్టర్లు, శాలువాలు, రెయిన్‌కోట్లు వేసుకుని లోపలికి పోయాం. కాకినాడ అమ్మాయి కప్పుకోలేదు. తనకే పార్టీ లేదనీ, ఉన్నది పిట్ట ఒక్కటేననీ, ఎందుకు దాచుకోవాలో రాసిస్తే కప్పుకుంటాననీ చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ నడక చూసి నాకు ఆమె మీద ప్రేమ పొంగిపోయింది.

మధ్యాహ్నం ఆటకి, కప్పుకున్నవన్నీ తీసేసి, క్యాబ్‌లలో బయల్దేరాం. కొత్తగూడ చౌరస్తాలో రాస్తారోకో. బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కుర్రాళ్ళు ఒక్కో బండినీ వెనక్కి తిప్పుతున్నారు. మా క్యాబ్ దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశారు. వరుసగా గులాబీ చొక్కాలు. మనోళ్ళే, ఇడువుండ్రి అని ఒకడు అరిచాడు. తాడు పక్కకి తీశారు. ముందు సీట్లో ఉన్న మా టీమ్ లీడ్ చేతిలో ఒక చిన్న జెండా పెట్టారు. ఆయన దాన్ని ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకున్నాడు. కుర్రాళ్ళు జై తెలంగాణ అన్నారు. నేను కిటికీ అద్దం దించి, తల బయట పెట్టి, గొంతు పగిలేలా జై తెలంగాణ అన్నాను. ఆఫీసు వాళ్ళ ముందు నా సొంత గొంతు వినపడటం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తల లోపలికి తీసుకునేసరికి కాకినాడ అమ్మాయి అటు కిటికీలోంచి బయటికి చూస్తోంది. థియేటర్ వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

సినిమా గొప్పగా తీశారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, పిట్టలు కోట మీద లేచినప్పుడు ఈలలతో థియేటర్ కప్పు లేచిపోయింది. కాగితాలు చించి ఎగరేశారు. మా వెనక వరుసలో ఒకతను పుస్తకంలోని మాటలన్నీ తెర కంటే ముందే చెబుతూ తన్నులు తినబోయాడు. ఇంక చివరికి వచ్చింది. కోట తలుపులు తెరుచుకున్నాయి. రాణి పిట్టలతో బయటికి నడిచింది. రాయి దగ్గర ఆగింది. ఇటు మాది, అటు మీది అనే ఆ మాట కోసం నేను సీట్లో ముందుకి జరిగాను. రాణి ఆ మాట అనలేదు. వెనక్కి తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. నడుచుకుంటూ వెళ్ళి రాజు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పొరపాటయింది, మనమంతా ఒకటే అంది. రాజు లేవనెత్తి గుండెకి హత్తుకున్నాడు. పిట్టలన్నీ తిరిగి కోటలోకి పోయాయి. వంద వయొలిన్లు ఒక్కసారి మోగాయి.

హాలు రెండు ముక్కలైంది. కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు మామూలు సినిమా చప్పట్లు కావు. కొందరు పుస్తకంలో ఇది లేదు, ఇది లేదు అని అరిచారు. ఎవరో తెర మీదకి పాప్‌కార్న్ డబ్బా విసిరారు. కాకినాడ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. క్యాబ్‌లో మా మధ్య తెగిందంతా మళ్ళీ అతుక్కుందనుకుందేమో. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇప్పటికీ దానికి నాకు బాధ లేదు. నా కడుపు మండిపోతోంది, ఆ సమయంలో నా చెయ్యి నాకు కావాలి.

ఆదివారం జీడిమెట్ల పోయాను. నాయిన అన్నానికి కూర్చున్నాడు. సినిమా సంగతి అడిగాడు. పిట్టలు ఎట్లా లేచాయో చెప్పాను, కోట ఎంత ఎత్తుందో చెప్పాను. ఇంక చెప్పక తప్పలేదు. రాణి మోకాళ్ళ మీద కూర్చుందనగానే కలుపుతున్న చెయ్యి ఆగింది. ఎందుకు అన్నాడు. తెల్వది నాయినా, గట్ల తీసిన్రు అన్నాను. ఎవలు మొక్కుమన్నరు ఆమెను అని అడిగాడు. తర్వాత తలూపి, సినిమా వాళ్ళది వాళ్ళ దగ్గర ఉండనీ, నువ్వు చెప్పిందే నేనుంచుకుంట అని తినడం మొదలుపెట్టాడు. శుక్రవారం కుర్చీ ఎక్కి ఏం చెప్పాలో నాకు అప్పుడే తెలిసిపోయింది.

నేను ఎవరికీ చెప్పకముందే మా టీమ్ లీడ్ దాన్ని పసిగట్టాడు. మంగళవారం పక్కకి పిలిచాడు. టీషర్టుల సంగతి పైదాకా పోయిందట. శుక్రవారం మేనేజర్ స్వయంగా క్యాంటీన్‌కి వస్తాడట. "చివరి సీను వదిలేయండి. గ్రాఫిక్స్ గురించి చెప్పండి, సంగీతం గురించి చెప్పండి. మీ మంచికే చెబుతున్నానండీ," అన్నాడు. అన్నం వదిలేసి విస్తరాకు గురించి మాట్లాడమంటారా అని అడిగాను. ఆయనకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అలా అయితే ఈసారికి వంతు వేరేవాళ్ళకి ఇస్తే మంచిదేమో ఆలోచించమన్నాడు. చీటీ నాకొచ్చింది, తీర్పు నేనే చెబుతాను, ఏది వదలాలో కూడా నేనే చూసుకుంటాను అన్నాను. భయం వేయలేదని అనను. ఆ ఉద్యోగంతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, నాయిన దగ్గు వల్ల ఫ్యాక్టరీకి సగం రోజులు పోవడం లేదు అప్పటికే.

ఆ వేరేవాళ్ళు ఎవరో మధ్యాహ్నం తెలిసింది. కాకినాడ అమ్మాయి డబ్బా మూత తీస్తూ, తనని అడిగారని తనే చెప్పింది. ఏమన్నవ్ అని అడిగాను. ఆలోచిస్తానన్నా అంది. ఆలోచించేందుకు ఏముందో నాకు అర్థం కాలేదు. నిజానికి అర్థమైంది. ఆ చివరి సీను చూసి ఆమె ఎందుకంత ఏడ్చిందో, ఆ సీను బాగుందని కుర్చీ ఎక్కి చెప్పాలని ఆమెకి ఎంత ఉండి ఉంటుందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఇచ్చేస్తామా? నా డబ్బా తీసుకుని వేరే బల్లకి పోయాను. శుక్రవారం దాకా మాటల్లేవు.

శుక్రవారం అందరికంటే ముందు నేనే క్యాంటీన్‌కి పోయి, కుర్చీ నేనే వేసుకుని, చెప్పులు విడిచి ఎక్కి నిలబడ్డాను. టీమ్ లీడ్ వచ్చి చూసి ఏదో అనబోయాడు. కుర్చీ మీద మనిషి ఉండగా నోరు విప్పకూడదన్న రూలు పెట్టింది ఆయనే. నోరు మూసుకుని కూర్చున్నాడు. జనం నిండారు. క్లబ్బులో లేనివాళ్ళు కూడా వచ్చారు. మేనేజర్ చేతులు కట్టుకుని కాఫీ మెషిన్ దగ్గర నిలబడ్డాడు. కాకినాడ అమ్మాయి ఆఖరి బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది.

ఇంగ్లీషులో మొదలుపెడదామని నోరు తెరిచాను. వచ్చింది మాత్రం మా ఇంటి మాటే. ఆపలేదు.

"ఈ కథ మా నాయిన అన్నం తింటుంటె నేను చెప్పిన. గిప్పుడు గూడ గట్లనే చెప్త. సినిమ మంచిగుంది. పిట్టలు మంచిగున్నయి. రాణి నగలు మంచిగున్నయి. కని ఆఖరికి రాణి మోకాళ్ళ మీద కూసుంది. కూసొమ్మని ఎవలడిగిన్రు? పుస్తకం రాసినామె అనలే. సదివిన మనం అనలే. సూసెటోళ్ళు సంతోషంగ ఇంటికి పోవాలె అని ఎవలో ఆమె నోట్లె మాట పెట్టిన్రు. ఆమె కోపం ఆమెది. మాఫీ గూడ ఆమెదే. ఇస్తె ఆమె ఇయ్యాలె. ఆమె దిక్కు నుంచి ఇంకొకలు ఇచ్చుడేంది?"

ఎక్కడా ఎవరూ నవ్వలేదు. మేనేజర్ గడియారం చూసుకుని, టీ టైమ్ అయిపోయింది, అందరూ సీట్లకి వెళ్ళండి అన్నాడు. కుర్చీల చప్పుడు. కొందరు లేచారు, కొందరు లేచి మళ్ళీ కూర్చున్నారు. ఆయన నా వైపు తిరిగి దిగమన్నట్టు చెయ్యి ఊపాడు.

"నా వంతు అయిపోలే సార్," అన్నాను.

కుర్చీ కొంచెం ఊగింది. అయినా చెప్పాను. రాయి పాతినంత మాత్రాన పగ ఉన్నట్టు కాదనీ, పక్కింటి వాళ్ళంటే పగవాళ్ళు కాదనీ, ఇష్టం లేని ఇంట్లో మనిషిని కట్టేసి, ఎంత బాగా కలిసున్నామో చూడండి అని వయొలిన్లు వాయిస్తే అది కలిసుండటం కాదనీ చెప్పాను. రాణి నిలబడి ఉండాల్సింది, అదీ నా తీర్పు అని చెప్పి దిగాను.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగం పోలేదు. ఒక గదిలో కూర్చోబెట్టి మెయిల్ మళ్ళీ చదివించారు, ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. క్యాంటీన్‌లో నలుగురి కంటే ఎక్కువ గుమిగూడాలంటే అనుమతి కావాలన్నారు, దాంతో క్లబ్బు అక్కడితో సరి. ఎవరైనా నా తెలుగుని ఇంకోసారి అనమని అడిగితే, అన్నాను. అడగడం మానేశారు. ఇవన్నీ నెలల మీద జరిగాయి. ఆ శుక్రవారం మాత్రం నేను కుర్చీ దిగి చెప్పులు వెతుక్కుంటుంటే కాకినాడ అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పిందంతా రాణి గురించేనా?" అంది.

"కాదు."

"మరి మా అన్నయ్య ఇల్లు? మేం పోవాలా?"

"పొమ్మని నేనన్ననా?"

"నువ్వనలేదు. రోడ్డు మీద వాళ్ళంటున్నారు. నువ్వు వాళ్ళతో కలిసి అరిచావు. నేను పక్కనే ఉన్నానే."

ఇన్నాళ్ళూ పిట్టల చాటున దాచుకున్న మాట అది. మేనేజర్ ఇంకా అక్కడే ఉన్నాడు, అందరూ వింటున్నారు. ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నేను అరిచిన దాంట్లోనూ ఉంది. ఒకదాని కోసం ఇంకోటి వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

"అరిచిన. రేపు గూడ అరుస్త," అన్నాను. "నిన్ను పొమ్మన్నోడు ఎవడైనా ఉంటె వాడితోని గూడ కొట్లాడత. నువ్వు ఈడనే ఉండు. కని నా దిక్కు నుంచి నువ్వు మాట్లాడకు. నీది నువ్వు చెప్పు, నేనింట."

ఆమె కొట్టేస్తుందేమో అనుకున్నాను. వంగి చెప్పులు విడిచింది. ఆమె వంతు కాదు, చీటీ రాలేదు, మేనేజర్ ఏదో అంటున్నాడు. వినిపించుకోకుండా, నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నా మీద మోపి కుర్చీ ఎక్కింది. దుపట్టాతో ముఖం తుడుచుకుంది.

"పిట్టల సంగతి వదిలేయండి," అని మొదలుపెట్టింది. "నేను హైదరాబాద్ గురించి చెబుతాను."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నేను ఒప్పుకోలేదు. దిగేదాకా నోరు మాత్రం విప్పలేదు.